వాతుసారి మలుపు దగ్గర కూత

పర్యోనో సెలూన్‌లో రెండు అద్దాలు. ముందు అద్దంలో కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం కనిపిస్తుంది. వెనక అద్దంలో వీధికి అవతలున్న వాతుసారి స్టేషన్ కనిపిస్తుంది. ముప్ఫయ్యేళ్లుగా అతను మనుషుల చెవుల పక్కనుంచి ఆ స్టేషన్‌ని చూస్తూనే జుట్లు కత్తిరించాడు. బండి ఉన్న రోజుల్లో అది అద్దంలో తిరగబడి వచ్చేది. తూర్పు నుంచి రావలసింది పడమటి నుంచి నెమ్మదిగా తేలుతూ వచ్చి, కుర్చీలోని మనిషి ఎడమ చెవిలో దూరి కుడి చెవిలోంచి బయటికి పోయినట్టుండేది.

ఆ బండి పేరు సెకర్ అరుమ్. నాలుగు పెట్టెలు, ముందొక ముసలి డీజిల్ ఇంజను. ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే ఎవరివో తెలియని మోకాళ్లు మన మోకాళ్లకి తగులుతూ ఉండేవి. కిటికీలు కొన్ని పైకి లేచేవి కావు, కొన్ని కిందికి దిగేవి కావు. సాయంత్రం నాలుగూ పదికి ఊరి బయట చెరుకుతోటల మలుపు దగ్గర డ్రైవర్ కూత వేసేవాడు. అది వినగానే పర్యోనో కత్తిని గడ్డం మీంచి ఎత్తేసేవాడు. బండి వస్తే షాపు నేల వణుకుతుంది. వణికే నేల మీద నిలబడి ఎవరి గొంతు మీదా కత్తి ఆనించకూడదు. అలా రోజూ ఒక నిమిషం పాటు ఊళ్లో ఒక ముఖం సగం నురగతో, సగం నున్నగా, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగిపోయేది.

పదేళ్ల కిందట ఆ బండిని ఆపేశారు. ఎక్కేవాళ్లు లేరన్నారు. నిజమే, అందరూ మోటారుసైకిళ్లు కొనుక్కున్నారు. పర్యోనో కూడా కొనుక్కున్నాడు.

ఎక్కేవాళ్లు లేకపోయినా ప్రేమించేవాళ్లు మాత్రం వందల్లో ఉన్నారు. తమకి తాము ‘సెకర్ అరుమ్ మిత్రులు’ అని పేరు పెట్టుకున్నారు. ఒకాయన టికెట్లు దాచాడు, ఇంకొకాయన పెట్టెల నంబర్లు ఏ ఏడు ఏ రంగు వేశారో దాంతో సహా చెప్పగలడు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే రేత్నోకి ఏ తేదీన ఏ ఇంజను వచ్చిందో కంఠతా వచ్చు. పర్యోనోవి చెవులు. నురగ కలుపుతూ, స్టేషన్ వైపు చూడకుండానే, “ఇవాళ ఇంజను మారింది” అనేవాడు. కుర్చీలో ఉన్నవాళ్లు మెడ తిప్పి చూస్తే మారే ఉండేది.

అందుకే చివరి రోజున, అందరూ ప్లాట్‌ఫారం మీద గుమిగూడి దండలతో ఇంజను కోసం ఎదురుచూస్తుంటే, అతనొక్కడే మలుపు దగ్గరికి పోయాడు. పాటలు, ఏడుపులు, కేకల మధ్య కూత వినపడదని అతనికి ముందే తెలుసు. ఒక మిత్రుణ్ణి అడిగి తెచ్చుకున్న రికార్డర్‌ని చెరుకాకుల మధ్య మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గంట ముందే సిద్ధమయ్యాడు.

ఆ యంత్రానికి ఒక ఎర్ర బటన్ ఉంది. ఒకసారి నొక్కితే అది చెవి ఒగ్గుతుంది. చుట్టూ ఉన్న శబ్దమంతా హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది, ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. రెండోసారి నొక్కితేనే రికార్డు చేయడం మొదలుపెడుతుంది. అప్పుడు దీపం నిలకడగా వెలుగుతుంది. శబ్దం ఎంత పెంచాలో చూసుకోవడానికి పర్యోనో ఒకసారి నొక్కాడు. ఆకుల రాపిడి, ఎక్కడో ఒక కోడి, తన సొంత ఊపిరి, అన్నీ మునుపెన్నడూ విననంత దగ్గరగా వినిపించాయి. ఆ వినడంలో మునిగిపోయి రెండోసారి నొక్కడం మరిచిపోయాడు.

బండి వచ్చింది. కూత వేసింది. పట్టాల అతుకుల మీద చక్రాలు ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ దాటిపోయాయి. చెరుకు ఊగడం మానేదాకా ఉండి, కళ్లు తుడుచుకుని యంత్రం వంక చూశాడు. అంకెలన్నీ సున్నాలు. ఎర్ర దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది, ‘ఊఁ, ఇక మొదలుపెట్టమంటావా?’ అని అడుగుతున్నట్టు.

తిరిగొచ్చేసరికి సెలూన్ ముందు జనం. అప్పటికింకా కాలేజీలో ఉన్న రేత్నో, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ముందు నిలబడి, పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే ‘పాక్’తో పిలిచింది. “మా అందరి ఫోన్లలోనూ గోలే పడింది, పాక్ పర్యోనో. మీకు దొరికిందా?”

అతను తల ఊపాడు. అంతే. తర్వాతి పదేళ్లూ అతను మోసింది ఆ ఒక్క తల ఊపడాన్నే.

మూడు వారాల ముందు, యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దామని అదే మలుపు దగ్గర అతను ఒక ఆయిల్ బండి కూత రికార్డు చేశాడు. అదే ఇంజను, అదే చెరుకు, అదే గాలి. వెనక వచ్చే ట్యాంకుల చప్పుడు మొదలయ్యే చోట కత్తిరించాడు. కత్తిరించడం అతనికి చేతనైన పనే. ఇరవై నాలుగు సెకన్లు మిగిలాయి. దాన్ని అందరికీ పంపాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ భార్య కస్మిని అతని ముఖం వంక చూసింది. “అది మన బండి కాదు కదూ, మాస్?” అంది, ఎప్పుడూ మొగుణ్ణి పిలిచే పిలుపుతో.

“నీకెలా తెలుసు?”

“నాకు కూతల సంగతి తెలీదు. నీ ముఖం సంగతి తెలుసు.”

“రేపు చెప్పేస్తాను.”

రేపు చెప్పేలోగా ఆ శబ్దం ఊరు దాటింది. వారంలో వేల ఫోన్లలోకి పోయింది. అలారంగా పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నారు. ఒక మిత్రుడు పెళ్లిలో దండలు మార్చుకునే క్షణాన మోగించాడు. తర్వాత ఆయిల్ బండి కూడా ఆగిపోయింది. పట్టాల మీద తారు పోశారు, ఇక ఆ మలుపులో ఎవరూ ఏ కూతా పట్టుకోలేరు. జనం పర్యోనోని ‘పాక్ కూత’ అని పిలవడం మొదలుపెట్టారు. దూరపు ఊళ్లనుంచి వచ్చి జుట్టు కత్తిరించుకునేవాళ్లు. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని, “ఒక్కసారి వినిపించండి పాక్” అనేవాళ్లు. అతను వినిపించేవాడు. తెల్లగుడ్డ కప్పుకుని కూర్చున్నది వాళ్లే అయినా, కదలడానికి వీల్లేకుండా కట్టుబడి ఉన్నది తానేనని అతనికి అనిపించేది.

మూడేళ్ల కిందట రేత్నో వాళ్ల నాన్న పోయాడు. ఆసుపత్రిలో ఆఖరి గంటలో ఆ అమ్మాయి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి కూత వినిపించిందట. ఆయన కనురెప్పలు కదిలాయట. ఈ సంగతి చెప్పడానికి ఆమె ప్రత్యేకంగా సెలూన్‌కి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ రోజు అతను ఎవరికీ గడ్డం గీయలేదు. చేతులు తనవి కానట్టున్నాయని షాపు కట్టేశాడు.

“చెప్పేస్తే చచ్చిపోతావా?” అంది కస్మిని.

“ఆయన చెవిలోంచి ఎలా వెనక్కి తీయను?”



ఇప్పుడు పదో ఏడు. మిత్రులంతా తిరిగి తిరిగి స్టేషన్ ఆవరణని చిన్న పార్కు చేయించారు. గోడ మీద సెకర్ అరుమ్ బొమ్మ వేశారు. పైకప్పు అంచున ఒక లౌడ్‌స్పీకర్ బిగించారు. ఆ సాయంత్రం నాలుగూ పదికి చివరి బండి నడిపిన డ్రైవర్ సర్పిన్ చేత బటన్ నొక్కిస్తారు. ఆ తర్వాత రోజూ అదే సమయానికి దానంతటదే మోగుతుంది.

“మీ షాపుకి సరిగ్గా ఎదురుగా పెట్టించాను, పాక్,” అంది రేత్నో టీషర్టుల మూట దించుతూ. “ఇక మీకంటే దగ్గరగా ఎవరూ వినలేరు!”

టీషర్టుల మీద బండి బొమ్మ లేదు. ఆ ఇరవై నాలుగు సెకన్ల శబ్దం కంప్యూటర్‌లో ఎలా కనిపిస్తుందో ఆ గీత ఉంది. ఎగుడుదిగుడుగా, కొండల వరుసలా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా. రెండు వందల టీషర్టులు, రెండు వందల గుండెల మీద అదే అబద్ధం. పర్యోనోకి వచ్చింది కాస్త బిగుతుగా ఉంది.

“బాగానే పట్టింది,” అంది కస్మిని అతన్ని ఎగాదిగా చూసి. “ఊపిరాడుతోందా?”

మధ్యాహ్నం ఒంటిగంటకి, ఎవరూ ఊహించని సమయంలో, ఒక బక్కపల్చని ముసలాయన సెలూన్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో టోపీ, తోమి మెరిపించిన బూట్లు.

“నున్నగా గీకు నాయనా. ఫొటోలు తీస్తారట,” అంటూ కుర్చీలో కూర్చున్నాడు. “నేను సర్పిన్‌ని.”

పర్యోనో అతన్ని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. చూసిందల్లా ఇంజను కిటికీలో మోచెయ్యి. తాతల్ని పిలిచినట్టు “ఎంబా” అని పిలిచి, తెల్లగుడ్డ కప్పి, నురగ రాశాడు.

“కూత దాచిన మంగలివి నువ్వేనా?”

“నేనే, ఎంబా.”

“నేను కనబడ్డ చోటల్లా అది మోగిస్తారయ్యా. పెళ్లికి పోతే మోగిస్తారు. మసీదు మెట్ల మీద ఒకాయన నన్ను ఆపి, చెప్పుల చోటు దగ్గర నిలబెట్టి మరీ వినిపించాడు.” ముసలాయన గడ్డం పైకెత్తాడు, కత్తికి వీలుగా. “అది నా చెయ్యి కాదు.”

కత్తి ఆగింది.

“కదలకండి, ఎంబా.”

“కదిలింది నేను కాదు. నీ చెయ్యి.”

పర్యోనో కత్తిని ఎత్తి పట్టుకున్నాడు. అద్దంలో ముసలాయన కళ్లు అతన్నే చూస్తున్నాయి, కోపం లేకుండా, వర్షం ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తున్నట్టు.

“ఇంజను అదే అయినా చేతిని బట్టి కూత మారిపోతుంది,” అన్నాడు సర్పిన్. “అది కుస్వాడి అనేవాడి చెయ్యి. ఆయిల్ బండి నడిపేవాడు. చివర్లో పుటుక్కున తెంపేస్తాడు, తన కూతకి తనే జడుసుకున్నట్టు. ఎన్నిసార్లు తిట్టానో. వాడు పోయి ఆరేళ్లయింది.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పను? నా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. నాది కాదంటే ఆ చెయ్యి ఎక్కడ దాచుకోను? నువ్వెందుకు చెప్పలేదు?”

పర్యోనో చెప్పాడు. ఎర్ర బటన్, మిణుకుమిణుకుమన్న దీపం, సున్నాలు, తల ఊపడం, అన్నీ. పదేళ్లుగా దాచుకున్నది చెప్పడానికి నురగ ఆరేంత సేపు కూడా పట్టలేదు. సర్పిన్ అంతా విని, “అయితే అసలుది లేదన్నమాట,” అన్నాడు. ఆ మాటతో ఆయన భుజాలు గుడ్డ కింద కొంచెం దిగిపోయాయి.

“ఎక్కడో దాచిపెట్టి ఉంటావనుకున్నానయ్యా. అందుకే వచ్చాను. ఆ రోజు మలుపు దగ్గరికి వచ్చేసరికి నా కళ్లనిండా నీళ్లు. పట్టాలే సరిగ్గా కనపడలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నేనేం వేశానో నాకు తెలీదు. పొడుగ్గా వేశానా? రెండుసార్లు వేశానా? ఏదో కొత్తగా వేశానా? నలభై ఏళ్లు వేసినవాణ్ణి, ఆఖరిది ఎలా వేశానో తెలుసుకోవాలని ఉంటుంది కదా. యంత్రం రికార్డు చేయకపోతేనేం, నీ చెవులు విన్నాయిగా. చెప్పు.”

విన్నాయి. ఆ కూతని అంత శుభ్రంగా విన్న మనిషి ఈ లోకంలో అతనొక్కడే. పర్యోనో కత్తి కింద పెట్టి, కళ్లు మూసుకుని, వెనక్కి పోయాడు. చెరుకాకులు వినిపించాయి. కోడి వినిపించింది. తన ఊపిరి వినిపించింది. తర్వాత కూత మొదలైంది, పెరిగింది, చివర్లో పుటుక్కున తెగింది. మళ్లీ మొదటినుంచి వెతికాడు. ఆకులు, కోడి, ఊపిరి. మళ్లీ కుస్వాడే. రోజుకి పదిసార్లు, పదేళ్లపాటు తానే వినిపించి వినిపించి, అసలు కూత ఉండవలసిన చోట ఇంకొకరి చేత కాపురం పెట్టించాడు. ఇల్లు అదే, వాకిలి అదే. లోపల మనిషి వేరు.

“రావడం లేదు, ఎంబా,” అన్నాడు.

సర్పిన్ మిగిలిన సగం గడ్డం గీయించుకుని, ముఖం తుడుచుకుని, టోపీ పెట్టుకుని స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

పర్యోనో గుమ్మంలో నిలబడి లౌడ్‌స్పీకర్ వంక చూశాడు. ఇంతవరకూ ఫోన్లలో మోగింది, కావలసినవాళ్లు విన్నారు. రేపటినుంచి చెవులున్న ప్రతివాడూ రోజూ వింటాడు. తనలో జరిగిందే ఊరందరిలోనూ జరుగుతుంది. ఎవరి లోపలైనా, ఏ మూలనైనా, సర్పిన్ చెయ్యి ఇంకా మిగిలి ఉంటే, అది కూడా పోతుంది. ఆ ముసలాయనకి జవాబు చెప్పగల మనిషి ఒక్కరు కూడా మిగలరు.

నాలుగింటికి ఆవరణ నిండిపోయింది. ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోసిన పెచెల్‌ని అరిటాకుల్లో కట్టి అమ్మే ముసలమ్మ, బండి ఉన్న రోజుల్లో పెట్టె పెట్టెకీ తిరిగినావిడ, ముందు వరసలో కూర్చుంది. రేత్నో మైకు అందుకుంది. “ఎంబా సర్పిన్ బటన్ నొక్కేముందు, మన పాక్ కూత రెండు మాటలు చెప్తారు.”

చప్పట్లు. అతను మైకు పట్టుకున్నాడు. ఎదురుగా రెండు వందల గుండెల మీద కొండల వరుసలు.

“ఇది సెకర్ అరుమ్ కూత కాదు,” అన్నాడు.

కొందరు నవ్వారు. వినయం అనుకున్నారు.

“ఆయిల్ బండిది. మూడు వారాల ముందు రికార్డు చేసింది. చివరి రోజున నా యంత్రం ఏమీ పట్టుకోలేదు. నేను బటన్ రెండోసారి నొక్కలేదు. మీకు అబద్ధం చెప్పాను.”

నవ్వు ముందు వరసలో ఆగిపోయింది, వెనక వరసల్లో ఇంకాసేపు సాగి ఆగింది. “అయితే చొక్కాలు తిరగేసి తొడుక్కుందామా?” అని ఎవరో అరిచారు. “పదేళ్లు మా నెత్తిన టోపీ పెట్టావు కదయ్యా మంగలీ!” అని ఇంకొకరు. పెళ్లిలో మోగించుకున్న మిత్రుడు భార్య ముఖం వంక చూడకుండా నిలబడ్డాడు.

రేత్నో ముఖంలో ఏమీ కదల్లేదు. జబ్బు పశువుకి జ్వరమెంతో అడిగినట్టు అడిగింది. “ఏ తేదీ?”

చెప్పాడు.

“ఇంజను?”

“అదే ఇంజను.”

“వెనక ఎన్ని ట్యాంకులు?”

“పద్నాలుగు.”

ఆమె తల ఆడించింది. “అంటే మా నాన్న ఆయిల్ బండిలో పోయాడన్నమాట.” ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె బటన్ ఉన్న పెట్టె దగ్గరికి నడిచి, తీగ ఊడదీసి, చుట్ట చుట్టి సంచీలో పెట్టుకుంది. “ఇవాళ ఏదీ మోగించం.”

అప్పుడు సర్పిన్ కుర్చీలోంచి లేచాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది, ఇంజను పక్కన నలభై ఏళ్లు అరిచిన గొంతు.

“ఆ చెయ్యి కుస్వాడిది. వాడి కోసం ఎవరూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. మీరు పదేళ్లు కొట్టారు, వాడికి చెందుతుంది లెండి. నాకొక్కటి చెప్పండి. ఆ రోజు నేనేం వేశాను? ఎవరికైనా గుర్తుందా?”

“ఒక్కటే, పొడుగ్గా!” అన్నాడు టికెట్లాయన వెంటనే.

“ఎక్కడి పొడుగు? ఒకటి పొడుగు, రెండు పొట్టి!”

“నువ్వసలు ప్లాట్‌ఫారం మీద ఏడుస్తూ చేతిలో దండని ముద్దుపెట్టుకుంటున్నావు. నీకేం వినిపించింది?”

“ముద్దుపెట్టుకునే నోటికీ చెవికీ సంబంధం ఏమిట్రా?”

“మలుపు దగ్గర వెయ్యలేదు. గేటు దగ్గర వేశాడు.”

“గేటు దగ్గర వేసింది స్టేషన్‌కి రానిమ్మని. మలుపు దగ్గరది వేరు!”

పదేళ్లుగా ఒకే శబ్దానికి కలిసి తలలూపినవాళ్లు గుంపులు గుంపులుగా విడిపోయి వాదించుకున్నారు. స్టేషన్ గడియారం నాలుగూ పది దాటింది. ఎవరూ చూడలేదు. సర్పిన్ అందరి నోళ్ల వంకా మార్చి మార్చి చూస్తున్నాడు, దారి అడిగిన మనిషికి పదిమంది పది వైపులు చూపించినట్టు.

రేత్నో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మైకుతో వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ రావడం మొదలుపెట్టింది. పేరు, ఆ రోజు ఎక్కడ నిలబడ్డారు, ఏం విన్నారు. ఒకరిని ఇంకొకరు అడ్డుకుంటే కళ్లతోనే కసిరింది. పర్యోనో దగ్గరికి వచ్చి ఆగింది.

“పేరు చెప్పండి.”

“పర్యోనో.”

“ఎక్కడున్నారు?”

“మలుపు దగ్గర.”

“ఏం విన్నారు?”

“విన్నాను. ఇప్పుడు గుర్తులేదు. దాని మీద ఇంకోటి పడి చెరిగిపోయింది.”

ఆమె మైకు దించింది. “నాలోనూ అదే ఉంది, పాక్,” అంది రేత్నో, మైకులోకి కాకుండా. “మీరు పెట్టిందే.” పక్కనున్న ముసలమ్మ వైపు తిరిగింది.

పెచెల్ అమ్మే ముసలమ్మ గొంతు సవరించుకుంది. “నేను స్టేషన్ బయట కుళాయి దగ్గరున్నా. పొడుగ్గా వేశాడమ్మా. నేను బుట్ట దించి, చెంగు సర్దుకుని, మళ్లీ బుట్ట ఎత్తుకున్నా. అప్పటికీ వేస్తూనే ఉన్నాడు. గాలి అయిపోతోందేమో, చివరికి సన్నగా, కిందికి జారుతూ, ఉందో లేదో తెలీనట్టు…”

సర్పిన్ కుడిచెయ్యి ఒడిలో మెల్లగా కదిలింది, ఏదో తాడుని దించుతున్నట్టు.

పర్యోనో కళ్లు మూసుకుని ఆమె చెప్పిన ఆ పొడుగుని పట్టుకోబోయాడు. చెరుకాకులు కదిలాయి. కూత మొదలైంది, సాగింది. ఇంకాస్త సాగనిమ్మని ఊపిరి బిగబట్టాడు. కుస్వాడి పుటుక్కున తెంపేశాడు.